సొరపాదు పెండ్లి పెద్ద

మా పక్కింటి కాక పోయినట్టు కరీంనగర్ ఆసుపత్రి నుంచి ఆయన కూతురు ఫోన్ చేసింది. "బాపు పోయిండు" అని ఏడ్చి, కాస్త తేరుకున్నాక, "సొరపాదుకు నీళ్లు పోసిండ్రా అని నిన్న గూడ అడిగిండు" అంది. ఆ మాటకు నాకు ఏడుపూ నవ్వూ కలిసే వచ్చాయి.

ముప్పై ఏళ్లు బొగ్గుగని లోపల పనిచేసిన మనిషికి ఎండంటే ఎంత ఇష్టమో, చూస్తే గానీ నమ్మరు. ఏప్రిల్, మే నెలల్లో మా గని కాలనీ అంతా కూలర్ల ముందు కూలబడితే, కాక మాత్రం పెరట్లోనే ఉండేవాడు. పొద్దున్నే పాదు మొదట్లో ఎండుగడ్డి కప్పేవాడు. పందిరికి పడమటి వైపు తన భార్య, అంటే మా చిన్నమ్మ, పాత చీర కట్టేవాడు. ఆ చీరలు నిజంగా పాతవేనా అని చిన్నమ్మను అడిగితే వేరే కథ చెప్పేది.

అసలు సంబరం సాయంత్రం. ఎండలకు పుప్పొడి మోసే పురుగులు తగ్గి సొరపిందెలు పండుబారి రాలిపోతుంటాయి. అందుకని పూలు విచ్చుకునే వేళకు కాక గోడ మీది నుంచి కేకేసేవాడు: "జల్ది రార్రి! పెండ్లున్నది!"

చేతిలో పని వదిలేసి ఉరికేవాళ్లం. పిందె లేని పోతుపువ్వును తెంపి, రేకలు తీసేసి, కింద పిందె ఉన్న ఆడపువ్వు మధ్యలో మెల్లగా అద్దేవాడు. మొదటిసారి నాకు అప్పజెబితే, ఉత్సాహం కొద్దీ పిందెతో సహా ఆడపువ్వునే తెంపేశాను. కాక నెత్తి పట్టుకున్నాడు.

"పెండ్లిపిల్లనే ఎత్కపోతివి గద!"

ఆ మాట పట్టుకుని వీధంతా నన్ను ఏళ్ల తరబడి ఏడిపించింది.

"మూడొద్దులు సూడుండ్రి. పిందె తల దించితే నిలబడ్డట్టే" అనేవాడు. నిలబడిన మొదటి కాయ ఆ ఇంట్లో కూరయ్యేది కాదు. దాన్ని తురిమి, బియ్యప్పిండిలో కలిపి, చిన్నమ్మ వీధి మొత్తానికి సర్వప్ప రొట్టెలు చేసేది. ఎదురుచూడటంలో ఇంత సంబరం ఉంటుందని నాకు నేర్పింది కాకే. ఆ మాట ఆయనతో ఒక్కసారైనా అనలేదు.

ఈసారి ఆయన ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ ఒక్క పిందే నిలవలేదు. ఆయన పెట్టిన చివరి పాదు కాయ లేకుండానే ఎండిపోతుందేమోనని నాకు దిగులు పట్టుకుంది. ఆయన పోయిన ఐదో రోజు సాయంత్రం ఒక ఆడపువ్వు, ఒకే ఒక్క పోతుపువ్వు కలిసి విచ్చుకున్నాయి! చిన్నమ్మకు చెబుదామని లోపలికి ఉరికాను. పరామర్శకు వచ్చిన ఓ పెద్దావిడ విని ముఖం చిట్లించింది.

"మైల ఇంట్ల పెండ్లేంది?"

చిన్నమ్మ కళ్లు తుడుచుకుని లేచింది. "గా పువ్వు మైల తీరేదాక ఆగుతదా? ఆయనుంటె ఊకుంటుండెనా? నడువు బిడ్డా. ఈసారన్న పిందె తెంపకు."

పోతుపువ్వును తెంపి, రేకలు తీసి, మెల్లగా అద్దాను. మొదటి రోజు పిందె అలాగే ఉంది. రెండో రోజూ అంతే. మూడో రోజు తెల్లారగానే పెరట్లోకి పరుగెత్తాను. బొటనవేలంత పిందె లావెక్కి, తల దించి వేలాడుతోంది. వెనకాలే వచ్చిన చిన్నమ్మ దాన్ని వంగి చూసింది, గోడ దగ్గరికి నడిచింది, వీధి వీధంతా వినపడేలా కేకేసింది:

"జల్ది రార్రి! నిలబడ్డది!"