పొయ్యి దగ్గర నుంచి లేవని మంగాదేవి

"మంగాదేవి పొయ్యి ముందు కూర్చుందంటే భోక్తల విస్తళ్ళు తీసేదాకా లేవదు" అని మా అమ్మ లక్ష్మీకాంతం వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. ఏలూరులో తద్దినం వంట చేసే మనిషికి ఇంతకన్నా పెద్ద పేరు లేదు. ఆ పేరు చూసే ఆవిడకు నెలకు ఇరవై ఇళ్ళ నుంచి పిలుపు వచ్చేది.

మంగాదేవిది పెదపాడు. భర్త పోయాక, ముప్పై ఏళ్ళ వయసులో ఈ వంటకు దిగింది. మొదటి ఏడాదే తాడేపల్లిగూడెంలో ఒకరింట గారెల పిండి రుబ్బుతూ, కడుపు కదిలి దొడ్లోకి వెళ్ళింది. వెళ్తే మడి పోయినట్టే. మళ్ళీ తలమీద నుంచి నీళ్ళు పోసుకుని, తడిబట్ట కట్టుకుని రావాలి. ఆవిడ అలాగే వచ్చింది. అయినా ఆ ఇంటావిడ అప్పటిదాకా ఉడికిన పప్పు, పరమాన్నం అన్నీ గేదె కుడితిలో పోయించింది. భోక్తలు మూడింటిదాకా ఆకలితో కూర్చున్నారు. "కాసేపు ఆపుకోలేనిదానికి మడివంట ఎందుకమ్మా?" అని అందరి ముందూ అడిగిందట. ఆ రోజు నుంచి మంగాదేవి ఆపుకోవడం నేర్చుకుంది.

నేను కాలేజీలో జువాలజీ చెబుతాను. వెనక కప్పలు కోసే రోజుల్లో పేగు ముక్క ఒకటి తీసి, ఉప్పునీళ్ళ గిన్నెలో వేసి పిల్లలకు చూపించేదాన్ని. కప్ప చచ్చి బల్ల మీద పడి ఉంటుంది. పేగు మాత్రం వెనక బిగుసుకుంటూ, ముందు వదులవుతూ కదులుతూనే ఉంటుంది. దాని నరాలు దాని గోడలోనే ఉన్నాయి, మెదడు చెప్పక్కర్లేదు. ఖాళీ కడుపులో కాఫీ పడితే చాలు, పెద్దపేగు లేచి ఉన్నదంతా కిందికి తోస్తుంది. మలం దిగి పురీషనాళం సాగగానే మలద్వారం లోపలి కండరం మనల్ని అడక్కుండానే వదులవుతుంది. బయటి కండరం ఒక్కటే మన మాట వింటుంది. దాని పొడవు మహా అయితే ఒకటిన్నర అంగుళం. మంగాదేవి ముప్పై ఏళ్ళు తిండి సంపాదించుకున్నది దానితోనే.

మా ఇంటికి ఆరింటికల్లా వచ్చి స్నానం చేసేది. అమ్మ మడి కాఫీ ఇచ్చేది. ఏడున్నరకి ఆవిడ చేతిలో గరిటె ఆగిపోయేది. మడమ మీద బరువు వేసి, పెదవులు బిగించి కళ్ళు మూసుకునేది. పావుగంటకి ఆ తొందర తగ్గేది, మళ్ళీ గరిటె తిరిగేది. తగ్గిందంటే తీరిందని కాదు. ఆగినదానిలో నుంచి పేగు నీరు పీలుస్తూనే ఉంటుంది, అది గట్టిపడుతూనే ఉంటుంది. ఏళ్ళ తరబడి ఇలా సాగదీస్తే పురీషనాళం ఇక కబురు చెప్పడం మానేస్తుంది.

"ఇప్పుడు అసలు రానే రాదమ్మాయ్, దేవుడి దయ" అంది ఒకసారి గర్వంగా. నేను నవ్వి ఊరుకున్నాను. పాఠం చెప్పి జీతం తీసుకునేదాన్ని, సిగ్గులేకుండా నవ్వాను.

నిరుడు మా నాన్న దత్తాత్రేయులుగారి తద్దినం. తమ్ముడు రఘురామ్ కొల్లేరు పక్క తన చేపల చెరువుల మీద నుంచి వచ్చి పీట మీద కూర్చున్నాడు. మంగాదేవి వంటింటి గుమ్మంలోకి వచ్చి నన్ను సైగ చేసి పిలిచింది.

"దగ్గరికి రాకమ్మాయ్, అక్కడి నుంచే విను. రెండు వారాలుగా విరేచనాలు. నాకు తెలియకుండానే పోతోంది. లోపల గుడ్డ పెట్టుకున్నాను. ఇది తెలిస్తే ఇంక నన్నెవరూ గడప తొక్కనివ్వరు. ఆగిపోయే మాత్ర ఏదైనా ఉంటే ఇయ్యవూ?"

"గట్టిగా ఎప్పుడు వెళ్ళారండీ?"

"పద్దెనిమిది రోజులైంది. అంతా నీళ్ళేనమ్మా."

ఆవిడ పొట్ట చూశాను. మడిచీర కింద ఎత్తుగా, బిగిసిపోయి ఉంది. నాకు అర్థమైంది. అవి విరేచనాలు కావు. గట్టిపడి రాయైపోయినది దారికి అడ్డం పడింది, వెనకున్న నీరు దాని పక్కల నుంచి కారుతోంది. అలాంటి మనిషికి పేగు కదలికను ఆపే మాత్ర ఇవ్వనే కూడదు. ఆ పూటే ఆస్పత్రికి వెళ్ళాలి.

"వీణా, భోక్తలు వచ్చేశారు. గారెలు అయ్యాయేమో అడుగు!" అని హాల్లో నుంచి అమ్మ కేకేసింది.

ప్రయాణాలకని నా బ్యాగులో ఉంచుకున్న, విరేచనాలు ఆపే మాత్రల పట్టీ తెచ్చి గడప మీద పెట్టాను. మందుకు మైల లేదంటూ మంగాదేవి రెండు తీసి మడినీళ్ళతో మింగింది. "ఎల్లుండి గూడెంలో ఇంకొకటి ఉంది" అంటూ మిగిలినవి కొంగున ముడేసుకుంది. భోజనాలయ్యాక ఆస్పత్రికి తీసుకెళ్దామనుకున్నానని తర్వాత నాకు నేనే చెప్పుకున్నాను. అబద్ధం. అప్పుడు నాకు కావలసింది గారెలే. అవి బాగా కుదిరాయి, భోక్తలు అడిగి మరీ వేయించుకున్నారు.

ఐదో రోజున మంగాదేవి పేగు చిల్లుపడి ఆస్పత్రిలో పోయింది. చూడ్డానికి వెళ్తే, నేను సైన్సు టీచరునని తెలిసి డాక్టరు నాతో చెప్పుకున్నాడు.

"ఎవరో ఆపే మాత్రలు ఇచ్చారండీ. కాస్త చదువుకున్నవాళ్ళెవరూ ఇవ్వరు."

"అవునండీ" అన్నాను.

గుడ్డ సంగతి ఆస్పత్రి నుంచి ఊళ్ళోకి పాకింది. అమ్మ వంటిల్లంతా కడిగించి, పుణ్యాహవచనం చేయించింది. "ఆ ఒంటితో మీ నాన్నకు వండిందా!" అని వారం రోజులు తిట్టిపోసింది. నేను పంచపాత్ర తోమి ఇచ్చాను.

ఈ ఏడు నాగరత్నం అని కొత్తావిడ వచ్చింది. అమ్మ గుమ్మంలోనే నిలబెట్టి అడిగింది.

"మధ్యలో లేవవలసిన పని పడదు కదా?"

"లేదండీ, నిన్న మధ్యాహ్నం నుంచీ ఏమీ ముట్టలేదండీ" అంది నాగరత్నం. నీరసంగా ఉంది, గోడ పట్టుకుని నిలబడింది. "కొంచెం కాఫీ ఉంటే..." అంది మెల్లగా నా వైపు చూసి.

అప్పటికే ఆవిడ కోసం కలిపాను. కాఫీ పడితే పేగు లేస్తుందని ఆ ఇంట్లో నాకొక్కదానికే తెలుసు. "పాలు విరిగాయండీ" అని చెప్పి లోపలికి వెళ్ళి, ఆ కాఫీ నేనే తాగేశాను.