నలభై ఏడో వరుస మీద పిన్ని ఓటు

మా పిన్ని శాసనసభ్యురాలయ్యాక కూడా జనం ఆమెను కళ్లద్దాలమ్మ అనే పిలిచేవారు. ఇరవై రెండేళ్లు కళ్లద్దాల దుకాణం నడిపిన మనిషి. ఎవరి ముక్కు మీదైనా ఫ్రేము వంకరగా కనిపిస్తే మాట్లాడుతూనే చెయ్యి చాచి సరిచేసేస్తుంది. సభలో ఆర్థిక మంత్రిగారి ముక్కుకు కూడా ఓసారి ఆ మర్యాద జరిగింది.

అమ్మకం పన్ను రేట్లు మార్చే బిల్లు వస్తే సభ్యులు నూటపన్నెండు వరుసల జాబితాను అటూ ఇటూ తిరగేసి, ఒక్క "అవును"తో కానిచ్చేసి టీ తాగడానికి పోతారు. పిన్ని వేలు పెట్టి చదువుతుంది. ఈసారి నలభై ఏడో వరుస దగ్గర వేలు ఆగింది. ఎవరో మహానుభావుడు చూపు అద్దాలను చలవ అద్దాలతో కలిపి అలంకార వస్తువుల్లో పడేశాడు. పన్ను మూడింతలు!

"కుట్టుపని చేసుకునే ముసలామె సూదిలో దారం ఎక్కించుకోవడం సోకా?" అని నా మీద ఎగిరింది, అదేదో నేనే రాసినట్టు.

ఆ వరుసను తీసెయ్యాలని విడిగా ఓటింగు అడిగింది. శుక్రవారం పెడతామన్నారు. సభ్యులందరినీ ఒక్కొక్కరినే కదిపి చూస్తే, తనతో కలిపి సరిగ్గా ఒక్క ఓటు ఎక్కువ తేలింది. చిక్కల్లా అక్కడే. ఏ సరుకులో సొంత వ్యాపారం ఉంటే ఆ సరుకు పన్ను మీద సభ్యులు ఓటెయ్యకూడదు. అది సభ నియమం. దుకాణం ఇంకా పిన్ని పేరనే ఉంది.

"పట్టిన కుందేలుకి మూడే కాళ్లంటే ఎలా? వచ్చే ఏడాది అడుగుదువుగాని" అన్నాడు బాబాయి.

"అందాకా ఆ ముసలాళ్లు తడుముకుంటూ కూర్చోవాలా?"

శుక్రవారం పొద్దున్నే దుకాణాన్ని, మొదటి నుంచీ తన దగ్గర అద్దాలు అరగదీస్తున్న మేస్త్రి పేర రాసిచ్చేసింది. ఆయన కలం కింద పెట్టేశాడు.

"ఓటేసొచ్చాక ఈ కాగితం చింపేద్దాం లెండమ్మా."

"చింపితే నేనేసేది దొంగ ఓటవుతుంది. సంతకం పెట్టవయ్యా."

మధ్యాహ్నం సభలో ఎవరో "సొంత కొట్టు కోసం!" అని అరిచారు. పిన్ని నిమ్మకు నీరెత్తినట్టు లేచి, కాగితం సభాపతి ముందు పెట్టి, వచ్చి ఓటేసింది. ఒక్క ఓటు తేడాతో నలభై ఏడో వరుస ఎగిరిపోయింది. పైన సందర్శకుల గదిలో నేను సిగ్గు విడిచి ఈల వేశాను. గార్డు బయటికి నెట్టాడు. ఆ గర్వం నాకు ఇప్పటికీ తగ్గలేదు.

మర్నాడు నన్ను వెంటబెట్టుకుని దుకాణానికి వెళ్లింది. మేస్త్రి గభాలున కుర్చీలోంచి లేచి, దాన్ని తువ్వాలుతో తుడిచాడు.

"కూర్చోండమ్మా."

"నీ కుర్చీలో నువ్వు కూర్చో. దగ్గరి చూపు ఆనడం లేదు, చూపించుకుందామని వచ్చాను."

మా ముందు ఇద్దరున్నారు. పిన్ని వాళ్ల వెనక నిలబడి, తన వంతు కోసం ఎదురుచూసింది.