రెండొందల పదహారో పెగ్గు

మా ఆయన కరీముల్లా చదివింది అయిదో తరగతి. నాది అంతకన్నా తక్కువే. అయినా నేల కింద రెండు మూడు కిలోమీటర్ల లోతున ఏముందో కంప్యూటరులో చూసిన మనిషి మా ఊళ్లో ఆయనొక్కడే. చూసొచ్చి రెండు రోజులు అన్నం ముట్టని మనిషి కూడా ఆయనే.

మాది పర్చూరు వైపు నల్లరేగడి ఊరు. పత్తి, మిరప తప్ప ఇంకోటి పండించడం ఎరగం. 2001లో పత్తి తీతలు అయిపోతుండగా చమురు వెతికే కంపెనీ వాళ్లు వచ్చి, మూతబడ్డ జిన్నింగు మిల్లులో క్యాంపు పెట్టారు. కూలికి ఊరివాళ్లనే తీసుకున్నారు. మా ఆయన, ఆయన స్నేహితుడు యలమందయ్య మొదటి రోజే చేరారు.

పొలాలకి అడ్డంగా తిన్నగా ఒక లైను వేస్తారు. యాభై మీటర్లకో చెక్క పెగ్గు కొడతారు. ప్రతి పెగ్గుకీ ఒక నంబరు. సర్వేయరు జయరావు గారు మూడుకాళ్ల మిషనులోంచి చూసి ఏ పెగ్గు ఎక్కడుందో రాసుకునేవారు. తర్వాత పెగ్గుల దగ్గర చిన్న మైకుల్లాంటివి గుచ్చేవాళ్లు. ఎర్రగుడ్డ కట్టిన పెగ్గు దగ్గర మాత్రం బోరు వేసి, అడుగున మందు పేల్చేవాళ్లు. ఆ చప్పుడు లోపలి రాతిపొరకి తగిలి పైకి తిరిగొస్తుంది. ఎంత ఆలస్యంగా వచ్చిందో చూసి, ఆ పొర ఎంత లోతులో ఉందో కంప్యూటరు గీస్తుంది.

ఆ లైను మా గోరీల దొడ్డి అంచు మీదుగా పోయింది.

మా సిద్దికా పదకొండు నెలల పిల్ల. 1998 వానల్లో జ్వరమొచ్చి మూడు రోజుల్లో పోయింది. మాలో ఆడవాళ్లు గోరీల దొడ్డికి వెళ్లరు. ఆ రోజు ఇంటి గుమ్మం దాకా వచ్చి ఆగిపోయాను. బిడ్డని ఎక్కడ పెట్టారో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. పిల్లల్ని ఆ అంచునే పెడతారు. రాయి ఉండదు. రెండు వానలకి రేగడి కుంగిపోయి దిబ్బ కూడా కనపడదు. ఆ చోటు ఆయనకొక్కడికే గుర్తు.

ఎర్రగుడ్డ కట్టిన రెండొందల పదహారో పెగ్గు సరిగ్గా అక్కడ పడింది.

"సార్, ఇక్కడ పిల్లల గోరీలున్నాయండీ. కాస్త పక్కకి జరపండి" అన్నాడంట మా ఆయన.

జయరావు గారు చుట్టూ చూశారంట. "ఏవయ్యా రాళ్లు? ఏదయ్యా ప్రహరీ? రికార్డులో ఇది ఖాళీ పోరంబోకు. గుర్తు లేని గోరీకల్లా లైను వంచుకుంటూ పోతే సముద్రంలో తేలతాం."

కూలీలంతా నవ్వారంట. తన బిడ్డ అని ఈయన నోరు తెరిచి చెప్పలేదు. చెప్పుకునే మనిషి కాదు.

సర్వే అయిపోయి, జయరావు గారు నంబర్లన్నీ రాసుకుని వెళ్లారు. మధ్యాహ్నం అందరూ అన్నాలు తినే వేళ మా ఆయన వెనక్కి పోయి, పదహారుతో పాటు అటూ ఇటూ ఉన్న పెగ్గులు మొత్తం అయిదు పీకి, కొంచెం పక్కకీ కొంచెం వెనక్కీ కాలవ గట్టు మీద పాతాడు. మర్నాడు మైకులూ అక్కడే గుచ్చారు, మందూ అక్కడే పేల్చారు. ఎవరికీ తెలీలేదు. ఇంటికొచ్చి గిన్నె నిండా పెట్టించుకుని తిన్నాడు. ఏం సంతోషమా అనుకున్నాను.

ఇరవై రోజుల తర్వాత ఏవో పెట్టెలు మోసుకుని క్యాంపులోకి వెళితే, కంప్యూటరు ముందు కూర్చునే శివపార్వతి గారు పిలిచిందంట. చిన్న వయసే గానీ అందర్నీ గారూ అని పిలిచే పిల్ల.

"కరీముల్లా గారూ, మీరు నడిచిన లైను ఎలా ఉందో చూస్తారా?"

ఒకదాని మీద ఒకటి చాపలు పరిచినట్టు పొరలు కనపడ్డాయంట. ఒక చోట నొక్కితే పసుపు రంగు తనంతట తనే పొర వెంట పరిగెత్తింది. పరిగెత్తి పరిగెత్తి రెండొందల పద్నాలుగు దగ్గర టక్కున ఆగింది. మళ్లీ నొక్కినా కదల్లేదు.

"ఇక్కడ పొర తెగి కిందికి జారింది. పగులన్నమాట. ఇలాంటి పగుళ్ల దగ్గర చమురు ఆగే అవకాశం ఉంది. హెడ్డాఫీసు వాళ్లు ఒప్పుకుంటే బావి ఇక్కడే వేస్తారు. చుట్టూ అయిదారెకరాలు చదును చెయ్యాలి."

ఎక్కడమ్మా అని అడిగాడంట. ఆమె మ్యాపు తెరిచి వేలు పెట్టింది. గోరీల దొడ్డి.

ఆ సంగతి రెండు రోజుల తర్వాత, పొయ్యి దగ్గర కూర్చుని నాకు చెప్పాడు. "అది పగులు కాదే. పెగ్గులున్న చోటు ఒకటి, పుస్తకంలో రాసిన చోటు ఒకటి. గట్టు మీద వదులు మట్టి కూడా. చప్పుడు ఆలస్యంగా వచ్చింది. కంప్యూటరుకేం తెలుసు, పొర కిందికి జారిందనుకుంది. బోరు తప్పించబోయి బుల్డోజరుని పిలిచాను."

"చెప్పెయ్యి" అన్నాను.

"చెబితే మళ్లీ తిన్నగా లైను వేసి అక్కడే పేలుస్తారేమో."

అప్పుడు నాకు కోపం వచ్చింది. "మూడేళ్లయింది. ఎక్కడుందో నాకొక్క మాట చెప్పావా? నాకే చెప్పనివాడివి, వాళ్లకేం చెబుతావులే!"

ఆయన పొద్దున్నే క్యాంపుకి వెళ్లాడు.

జయరావు గారు అంతెత్తు లేచారంట. "ఒరేయ్, పెగ్గులేమన్నా మీ మేకలనుకున్నావా, నీ ఇష్టమొచ్చిన చోట కట్టెయ్యడానికి?" శివపార్వతి గారు ఆపి, అసలు ఎక్కడ పాతావో చూపించమంది. ముగ్గురూ టేపు పట్టుకుని గట్టు దగ్గరికి వెళ్లారు. కొత్త చోట్లన్నీ కొలిచాక, "మరి ఎందుకు జరిపావు?" అని అడిగింది ఆమె. అప్పుడు చూపించాడంట, చేత్తో కూడా కాదు, చూపుతోనే.

జయరావు గారు టేపు చుట్టడం ఆపారు. "ఎంత వయసు?" అన్నారు.

"పదకొండు నెలలండీ."

క్యాంపులో ఆమె అయిదు పెగ్గులకీ కొత్త కొలతలు, గట్టు ఎత్తూ ఎక్కించి, ఆ చప్పుళ్లన్నీ మళ్లీ సరిచేయించింది. దానికి వారం పట్టింది. ఆఖరి రోజు ఈయన్ని పిలిచి నొక్కి చూపించింది. పసుపు రంగు పద్నాలుగు దాటింది, పదహారు దాటింది, ఆగకుండా ఆ చివరికి పోయింది. పగులూ లేదు, బావీ లేదు. మళ్లీ పేల్చే పనీ లేకపోయింది.

పని మాత్రం పోయింది. "తప్పు తప్పేనయ్యా, రేపట్నించి రావద్దు" అని జయరావు గారే చెప్పారు. చెబుతూ ఒక కాగితం చేతిలో పెట్టారు. శివపార్వతి గారు తీసిన మ్యాపు. దాని మీద జయరావు గారు పెన్నుతో రాసింది: కాలవ తూము రాయి నుంచి తూర్పుకి ముప్పై ఎనిమిది మీటర్లు, అక్కణ్ణుంచి ఉత్తరానికి పదకొండు. చివర చిన్న సున్నా.

మా ఆయన దాన్ని తెచ్చి నా ఒళ్లో వేశాడు. "ఇదిగో, ఇక్కడుంది" అన్నాడు. మూడేళ్ల తర్వాత ఇద్దరం కూర్చుని ఏడ్చింది ఆ రోజే.

తర్వాత ఆయన గుంటూరు కోల్డు స్టోరేజీల్లో మిరపకాయల బస్తాలు, టిక్కీలంటారు, అవి మోశాడు. అయిదేళ్లు ఆ ఘాటులో దగ్గుతూనే బతికాడు. పోయినేడు వానల్లో కామెర్లు ముదిరి మంచం పట్టాడు. "పాప పక్కనే పెట్టమను" అన్నాడు. అదే ఆఖరి మాట.

మసీదు పెద్ద హుస్సేన్ సాహెబ్ గుమ్మంలో నిలబడి తల ఊపారు. "కష్టమమ్మా. ఆ అంచంతా పసిపిల్లల గోరీలే. ఏది ఎక్కడుందో ఎవరికీ తెలీదు. గడ్డపార తగిలితే ఎంత పాపం! పెద్దల వైపే తవ్విస్తాను."

నేను లేచి ట్రంకుపెట్టె అడుగునున్న కాగితం తెచ్చాను. హుస్సేన్ సాహెబ్ దాన్ని తిప్పి తిప్పి చూశారు గానీ ఆయనకేం అర్థం కాలేదు. వాకిట్లో ఉన్న యలమందయ్య లోపలికొచ్చి అందుకున్నాడు. "ఇది మా లైను మ్యాపేనండీ. టేపుంటే నేను కొలుస్తాను, రండి" అన్నాడు.

మళ్లీ గుమ్మం దగ్గరే ఆగిపోయాను.

సాయంత్రం యలమందయ్య ఒక్కడే వచ్చాడు. కాళ్లకి నల్లమట్టి. కాగితం మడిచి నా చేతికిచ్చాడు.

"కొలత చూసి రెండడుగులు వదిలి తవ్వారు చెల్లెమ్మా. దేనికీ తగల్లేదు."

"పాపకి ఏ పక్కనన్నా?"

"తూర్పు పక్కన. ఏం, తప్పా?"

"తప్పు కాదు. మాలో పడుకోబెట్టేటప్పుడు మొహం పడమటికి తిప్పుతారు" అన్నాను.

యలమందయ్య తలపాగా తీసి మొహం తుడుచుకున్నాడు.