ఇరవయ్యేడో నంబరు బరకం

బసవపున్నయ్యగారు మిలిటరీ ఖర్చుల మీద ఆడిట్ చేసే ఆఫీసరు. తుపాకులు పట్టినవాళ్లు సైతం ఆయన ఎర్రపెన్ను మూత తీస్తే నీళ్లు నమిలేవాళ్లు. ఏ యూనిట్‌కి వెళ్లినా ఫ్లాస్కులో కాఫీ, డబ్బాలో పెరుగన్నం ఇంటి నుంచే. ఒకసారి జెండా పండుగనాడు మొహమాటానికి ఒక బిస్కెట్ తిన్నారు. మర్నాడు అదే రకం ప్యాకెట్టు కొని పట్టుకెళ్లి వాళ్ల బల్ల మీద పెట్టొచ్చారు.

"తిన్నది ఒక్కటేగా సార్, ప్యాకెట్టెందుకు?" అన్నాను.

"విడిగా ఒకటి అమ్మనన్నాడయ్యా" అని బాధపడ్డారు.

ఆయన దగ్గర నేను ఆరేళ్లు అసిస్టెంటుని. ఆ ఆరేళ్లూ స్టోర్‌రూముల వెనక నిలబడి నేను తిన్న పునుగుల సంగతి ఇక్కడ అప్రస్తుతం.

ఆయన రిటైర్మెంటు ఇరవై రోజుల్లోకి వచ్చింది. "ముప్పై రెండేళ్లు ఏ యూనిట్ నుంచీ చిన్న మేలు కూడా పొందలేదు. ఈ ఒక్క మాట చెప్పుకుంటూ మిగతా రోజులు గడిపేస్తా" అనేవారు. చివరి ఆడిట్ విజయవాడలోనే, కాలేజీ పిల్లలకు శిక్షణ ఇచ్చే ఒక ఎన్‌సీసీ యూనిట్‌లో. శుక్రవారం స్టోర్‌లో గుడారాల మీద కప్పే బరకాలు లెక్కపెట్టాం. రిజిస్టర్లో నలభై. గదిలో ముప్పైతొమ్మిది. ఇరవయ్యేడో నంబరుది లేదు.

స్టోర్‌కీపర్ ముస్తఫా చెమట తుడుచుకున్నాడు. "ఎక్కడో ఉంటది సార్."

"ఎక్కడో అనే చోటు రిజిస్టర్లో లేదు. సోమవారానికి చూపించు" అని బసవపున్నయ్యగారు అభ్యంతరం రాసేశారు.

ఆదివారం నన్ను పామర్రులో వాళ్లింటికి భోజనానికి తీసుకెళ్లారు. ఇంటి ముందు వడ్లు రాశి పోసి, పైన బరకం కప్పి ఉంది. చూసినవాడు ఊరుకోవాలా? అలవాటుకొద్దీ అంచు ఎత్తి చూశారు. తెల్లరంగుతో ఇరవై ఏడు.

"సీతా!" అన్న కేకకి ఆయన భార్య సీతారావమ్మగారు గరిటెతో సహా వచ్చారు.

"ఇదెక్కడిది?"

"పోయిన వారం వానొస్తుందని పదకొండుసార్లు ఫోన్ చేశాను. ఎత్తారా?"

"డ్యూటీలో ఉన్నాను."

"మీరు డ్యూటీలో ఉన్నారు, వడ్లు రోడ్డు మీదున్నాయి. అద్దెకి ఒక్క బరకం దొరకలా. పాపం హనుమయ్యే ఎవర్నో బతిమాలి తెచ్చాడు."

వాళ్ల పొలం కౌలుకి చేసే హనుమయ్య సంతోషంగా ముందుకొచ్చాడు. "బెజవాడలో ముస్తఫా అని మా దోస్తండి. బంగారం లాంటి మనిషి. ఎవరి వడ్లని కూడా అడగలేదండి!"

బసవపున్నయ్యగారు అరుగు మీద కూలబడ్డారు. నేను చెవిలో అన్నాను: "రేపు పొద్దున్నే గదిలో పడేద్దాం సార్. నలభై అవుతాయి."

"అవి నలభై అవుతాయి. నేనేమవుతాను?"

అప్పటికప్పుడు బరకం తీయించారు. వడ్ల మీద ఇంట్లో ఉన్న దుప్పట్లు, తన పంచెలు నాలుగు కప్పించారు. మడత పెట్టిన బరకాన్ని బస్సులో ఒళ్లో పెట్టుకుంటే కండక్టరు లగేజీ టిక్కెట్టు కొట్టాడు. ఆయన దాన్ని భద్రంగా జేబులో పెట్టుకున్నారు.

సోమవారం ముస్తఫా మొహం వెలిగిపోయింది. "దొరికిందా సార్! ఎక్కడ?"

"పామర్రులో. మా వడ్ల మీద."

"యా అల్లా! మీవని తెలిస్తే ఇంకోటి కూడా ఇచ్చేవాణ్ణి సార్..." అని నాలిక కరుచుకున్నాడు.

ఆయన రిపోర్టు ఇలా రాశారు. అభ్యంతరం: ఒక బరకం లేదు. జవాబు: ఆడిటరు ఇంట్లో వడ్ల మీద దొరికినది. ఆడిటరు సంజాయిషీ: వాన సమయమున ఇంటి ఫోను ఎత్తలేదు. అభిప్రాయం: సంజాయిషీ సంతృప్తికరంగా లేదు. అంతా ఒకే చేతిరాత. పై ఆఫీసుకి పంపి, అన్నం సహించక, పెరుగన్నం డబ్బా సగమే ఖాళీ చేస్తూ రోజులు లెక్కపెట్టుకున్నారు.

రిటైరయ్యే రోజు మధ్యాహ్నం కాగితం తిరిగొచ్చింది. నన్నే చదవమన్నారు. ముస్తఫాకి మందలింపు. కింద పై ఆఫీసరు స్వయంగా రాసిన ఒకే వాక్యం: "వడ్లు తడిసినదీ లేనిదీ రిపోర్టులో లేదు. తెలుపగలరు."

ఆయన కాగితం అందుకున్నారు. కళ్లజోడు తుడుచుకున్నారు. 'తడవలేదు' అని రాసి సంతకం చేశారు. మళ్లీ ఏదో అనుమానం వచ్చింది. డ్యూటీలో ఉండగా మొదటిసారి ఇంటికి ఫోన్ చేశారు.

"సీతా, మన వడ్లు తడవలేదుగా?"

"ఆ వానకి కాదండీ. మీరు బరకం లాక్కెళ్లిన రాత్రి మంచుకి రెండు బస్తాలు తడిశాయి. బాధపడతారని చెప్పలేదు."

బసవపున్నయ్యగారు మళ్లీ ఎర్రపెన్ను మూత తీశారు.