మా గడప మీద ఏడో బొట్టు

దయ్యాలూ పూనకాలూ పనిలేనివాళ్ల మాటలని ఇప్పటికీ అంటాను. నాకు జరిగింది మాత్రం జరిగినట్టే రాస్తున్నాను.

శూలగిరి దగ్గర మా వంశానికి ఒకప్పుడు పన్నెండు అంకణాల ఇల్లు ఉండేది. ఇప్పుడు నేను హోసూరు ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్‌ని. నన్ను పెంచిన మేనత్తతో రెండు గదుల అద్దె ఇంట్లో ఉంటున్నాను. మూడేళ్ల కిందట అత్తకు తుంటి విరిగితే, ఆపరేషన్ కోసం ఇల్లు విప్పించి కొయ్యంతా అమ్మేశాను.

మావాళ్లు ఇల్లు విప్పినా గడప అమ్మరు. దాన్ని తీసి కొత్త ఇంట్లో పెట్టుకుంటారు. కొయ్య కొన్న వ్యాపారికి ఆ మాట చెప్పాను. కానీ నా ఇంటిని లారీకి ఎక్కిస్తుంటే ఊరందరి ముందు నిలబడి చూడటానికి నాకు అభిమానం అడ్డొచ్చింది. హోసూరులోనే కూర్చున్నాను. వాళ్లు గడపనూ పట్టుకుపోయారు. అది కుందారపల్లిలో స్నేహితుడి తోటలో భద్రంగా ఉందని అత్తకు చెప్పాను.

పోయిన ఏడాది ఫ్యాక్టరీ వాళ్లు మమ్మల్ని మహాబలిపురం వైపు సముద్రం ఒడ్డున ఉన్న ఒక రిసార్ట్‌కు తీసుకెళ్లారు. విహారానికి పోతున్నానని, ఆపరేషన్ అయినా లేవలేక మంచంలోనే ఉన్న మనిషికి ఎలా చెప్పను? బర్గూరులో పని ఉందన్నాను.

గురువారం సాయంత్రం మన దేశ సంస్కృతి చూడండంటూ అందరినీ ఒక పెంకుటింటికి తోలుకెళ్లారు. ఎవరెవరి ఇళ్ల నుంచో పీకి తెచ్చిన స్తంభాలు, రోళ్లు, ఊయల బల్లలు. అద్దె తలపాగా చుట్టుకుని ఒకడు వచ్చినవాళ్లకల్లా దండం పెడుతున్నాడు. గుమ్మంలో మా గడప. కుడి కొసన దీపం కాల్చిన నల్ల మచ్చ, చిన్నప్పుడు నేను మేకుతో గీసిన గీత. దాని మీద బూట్లతో నిలబడి జనం ఫోటోలు దిగుతున్నారు.

ఒళ్లు మండిపోయింది. కాళ్లు తీయమని అరిచాను. రిసార్ట్ మేనేజరు వచ్చాడు. ఇది ఎవరో చితికిపోయిన పెద్దింటివాళ్లదనీ, అక్కర లేకనే అమ్ముకున్నారనీ నాకే చెప్పాడు. వాణ్ని కొట్టాలనిపించింది. అది నాదని చెప్పడానికి మాత్రం నోరు రాలేదు.

నాతో పనిచేసే మునిరాజు నవ్వాడు. "ఏమప్పా, కొయ్యముక్కకి ఇంత రోషమా? మీ తాత కట్టించిండేదా ఏమి?"

జనం కదిలాక అక్కడ ఊడ్చే ఆవిడ నన్ను నిలదీసింది. ప్రతి శుక్రవారం తెల్లారేసరికి దీనికి పసుపు పూసేది మీ మనుషులేనా అని తమిళంలో అడిగింది. రాత్రి తాళం తనే వేస్తుందట. రుద్ది రుద్ది చేతులు పోతున్నాయట. తిట్లూ తనకేనట. ఇది పనివాళ్లలో ఎవరిదో చాదస్తం అనుకున్నాను.

మరునాడు పొద్దెక్కాక ఆవిడ తాళం తీస్తుంటే నేను పక్కనే ఉన్నాను. గడపకు పచ్చిగా పసుపు. దాని మీద ఏడు కుంకుమ బొట్లు. ఎడమ చివరిది వేలితో పక్కకు చెరిపి ఉంది.

అలా చెరపడం మా ఇంటి ఆచారం. తాత తమ్ముడు అలిగి ఇల్లు వదిలిపోయాడు. ఆయన తిరిగొచ్చేదాకా ఏడో బొట్టు నిండుగా ఉంచకూడదని మా ఆడవాళ్ల పట్టు. ఆ సంగతి తెలిసి బతికున్నది అత్తా, నేనూ. అత్త మంచం దిగలేదు.

ఊడ్చే ఆవిడ గుడ్డ తడిపింది. ఆగమన్నాను. ఇది మా ఇంటిదనీ, అమ్ముకున్నది నేనేననీ మొదటిసారి బయటికి అన్నాను. ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూసి, అయితే నువ్వే తుడువు అంటూ గుడ్డ నా చేతిలో పెట్టి పోయింది.

నేను తుడవలేదు.

శనివారం ఇల్లు చేరాను. చెప్పులు విడుస్తుండగానే అత్త మంచంలోంచి అంది. "ఉప్పుగాలికి కొయ్య పగులుతా ఉందప్పా. ఆడిదాకా పోయినోడివి, రవంత నూనె రాసి రాకూడదా?"

అత్త కృష్ణగిరి దాటి ఎరగదు. ఆమెకు ఫోన్ లేదు. నేను లేనప్పుడు అన్నం పెట్టే పక్కింటామెను అడిగాను, ఎవరూ రాలేదంది. అత్త చేతులు పట్టుకుని వేళ్లు చూశాను. పసుపు లేదు.

గడప బాగుందా అని అంతవరకూ ప్రతి శుక్రవారం అడిగేది. ఆ రోజు నుంచి అడగడం మానేసింది. ఆమెకు ఎలా తెలిసిందో, ఎన్నాళ్లుగా తెలుసో నాకు ఈరోజుకీ అంతుపట్టలేదు. అడగడానికి నాకు మొహం లేదు.