వాత పెట్టిన దూడలు

దైద్ నుంచి షార్జా వస్తున్న టాక్సీలో నా పక్కన కూర్చున్న జగిత్యాల మనిషి చొక్కా కాలిన వెంట్రుకల వాసన వేస్తోంది. ఆయనకు వీసా, పని ఇచ్చిన కఫీల్ తోటలో ఆ రోజు దూడలన్నిటినీ తోలుకొచ్చి వాతలు పెట్టారట.

"మా దిక్కు వాత వెట్టంగనే తల్లికాడ ఇడుస్తం చెల్లె. ఈడ పాలు లేకుంట కట్టేసిన్రు. ఒక్కదాన్ని ఇడిస్తే చెంప మీద గొట్టి, ఖలాస్, పని లేదు పొమ్మన్నడు," అన్నాడు పళ్లు కొరుకుతూ.

అంతలో నా పాప ఆకలికి గుక్కపట్టింది. కొంగు చాటున పాలిద్దామంటే డ్రైవరు అద్దంలోంచి నన్నే చూస్తున్నాడు. భయపడి మానేశాను.

జగిత్యాల ఆయన ముందుకు వంగి తన తువ్వాలును ఆ అద్దం మీద కప్పి, రోడ్డు చూడమని గదిమాడు. "సడక్ దేఖ్ బే!"

డ్రైవరు దాన్ని లాగబోయాడు. "హాథ్ మత్ లగావ్!" అని, దాన్ని ముట్టుకోవద్దని అరిచింది నేనే.

పాప కడుపునిండా తాగింది. ఆనాడు లేచిన నా గొంతు మళ్లీ తగ్గలేదు.