మొప్ప ఎత్తి చూడనివ్వని పుస్తకం

ఇంతకాలం నేనేమీ రాయలేకపోవడానికి కారణం అక్షరాలు దొరక్కపోవడం కాదు, అవి ఊరికే దొరకడమే. మొన్న మా మనవరాలి బడివాళ్లు ఆరో తరగతి పుస్తకాల కట్ట తమ దగ్గరే కొనాలని చెప్పి పంపినప్పుడు ఆ పాత సంగతంతా గుర్తుకొచ్చింది.

నాగాయలంక దగ్గర అత్తగారింట్లో ఉన్న రోజుల్లో, పెద్దవాళ్లకు చదువు చెబుతామంటూ పంతులమ్మ ఒకావిడ పలకా వాచకం ఊరికే పంచుతూ మా వీధికి వచ్చింది. మా అత్తగారు చేపల గంప దించి, ఆవిడను ఎగాదిగా చూసి, "ఊరికే ఎందుకిస్తారే? రేపు దేనికో వేలిముద్ర వెయ్యమంటారు, చూస్తూ ఉండు" అంది. చేపలమ్మి బతికేవాళ్లం, పొద్దెక్కాక కొసరుగా ఊరికే వేసే చేప మెత్తబడి పాడైనదే అయి ఉంటుందని అత్తాకోడళ్లిద్దరికీ తెలుసు, రోజూ మేం వేసేదీ అదే కదా. వాచకం ముట్టుకోకుండానే తలుపు వేసేశాను. ఆ తరువాత బతుకంతా వేలిముద్రలే వేశాను. చివరికి బందరులో మా అమ్మాయి ఇంట్లో, మనవరాలు ఒకటో తరగతిలో ఉండగా దాని వేలు వెంట నా వేలు జరుపుతూ నేర్చుకున్నాను.

ఇప్పుడేమో ఆ కట్టలోని ఆరో తరగతి పాఠాలే ఫోనులో ఊరికే వస్తాయని పక్కింటి మాస్టారు చూపించారు. మా అమ్మాయి ఒప్పుకోలేదు. "పిల్ల వెనకబడితే ఆయనొచ్చి చెప్తారా అమ్మా? గాజులు కుదువ పెట్టయినా కట్టే కొందాం" అని చేతి గాజులు తీసేసింది. నాకు ఫోను మీదా నమ్మకం లేదు, బడి మీదా లేదు. బడికి వెళ్లి, ప్లాస్టిక్ కాగితం చుట్టిన ఆ కట్ట ఒకసారి విప్పి చూపించమన్నాను.

"విప్పితే మీరే తీసుకోవాలమ్మా" అన్నాడు అక్కడి గుమాస్తా.

"మొప్ప ఎత్తి చూడకుండా చేపెవరు కొంటారు బాబూ?"

నవ్వాడు గాని విప్పలేదు.

అత్తగారింటి రోజుల్లో అనుమానం వస్తే తలుపు వేసుకోవడమొక్కటే తెలుసు. ఇప్పుడు చదివి అనుమానించగలను. మా అత్తగారికి ఆ పాటి వీలు కూడా లేకపోయింది.

మర్నాడు పొద్దున్నే ఫోనులో పాఠం తెరిచి, ఎక్కడ మెత్తబడిందో చూద్దామని, అక్షరం అక్షరం కింద వేలు పెట్టి చివరిదాకా చదివాను. చదివాక మా అమ్మాయిని పిలిచి గాజులు తొడుక్కోమన్నాను. రెండో పాఠం మాత్రం, మనవరాలికి ఇచ్చే ముందు, మళ్లీ నేనే తెరిచాను.